శ్రీహరికోట దారిలో పసివాడితో

సూళ్ళూరుపేటలో జాతీయ రహదారిని వదిలి తూర్పుకు తిరిగిన రోడ్డు, ఊరినీ పొలాలనూ దాటి, కొద్దిసేపటికే సరస్సు నడుమకు ప్రవేశిస్తుంది. కట్ట పోసి వేసిన ఆ రోడ్డుకు ఇరుపక్కలా పులికాట్ పరచుకుని ఉంటుంది. చిలికా తరువాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సుగా దీనినే చెబుతారు. పెద్దదే గాని లోతు లేదు. చాలా చోట్ల మనిషి నడుము దాటదు. ఎండలు ముదిరితే ఉత్తర భాగం ఎండి బీటలు వారి, నీళ్ళున్న చోటే పశువులు తిరుగుతాయి. సూళ్ళూరుపేట నుండి ఈ దారిన దాదాపు 18 కిలోమీటర్లు పోతే శ్రీహరికోట దీవి. దానికి పడమట సరస్సు, తూర్పున బంగాళాఖాతం. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది గాని, మాటలోనూ వంటలోనూ ఇది ఇప్పటికీ నెల్లూరు సీమే.

ఈ దీవిని గురించి రాసేవారంతా రాకెట్లను గురించి రాస్తారు. మేమూ రాకెట్టు చూడాలనే వెళ్ళాము, అదీ రెండుసార్లు. అయితే రెండుసార్లూ మా వెంట రెండేళ్ళు నిండని పసివాడున్నాడు. యాత్రా రచనలు చేసే పెద్దలు చంకలో బిడ్డతో ప్రయాణించినట్టు ఎక్కడా కనిపించరు. వారి బిడ్డలను ఆ సమయంలో ఎవరు చూసుకున్నారో వారి పుస్తకాలలో ఉండదు. అందుకే ఈ ప్రయాణాన్ని బిడ్డతో సహా రాస్తున్నాము.

ముందుగా దీవి సంగతి. 1969లో రాకెట్ ప్రయోగాలకు ఈ చోటును ఎంపిక చేశారు. కారణాలు సరళమైనవే. భూమి పడమటి నుండి తూర్పుకు తిరుగుతుంది గనుక, తూర్పు దిక్కుగా ఎగసే రాకెట్టుకు ఆ వేగం కొంత ఉచితంగా కలిసివస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉంటే ఆ లాభం ఇంకా ఎక్కువ. పైగా తూర్పున ఉన్నది సముద్రం. ఏదైనా విరిగి పడినా జనావాసాల మీద పడదు. 43 వేల ఎకరాలకు పైబడిన ఈ దీవిలో అంతకుముందు ఉన్నది అడవి. ఆ అడవిని నమ్ముకుని దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని, చేపలు పట్టుకుని బతికిన యానాదులు. కేంద్రం వచ్చాక వారిలో చాలామంది ఆ అడవిని వదలవలసి వచ్చింది. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు ఇక్కడి నుండి ఎగిరింది. 2002 నుండి ఈ కేంద్రం సతీశ్ ధవన్ పేరు మీద ఉంది.

మా తొలి ప్రయాణం 2023 జులై 14న. చంద్రయాన్-3ను మోసుకుని ఎల్‌వీఎం-3 రాకెట్టు ఎగరవలసిన రోజు. ఆనాడు శుక్రవారం. ప్రయోగ సమయం మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలు. పేర్లు నమోదు చేసుకున్నవారి కోసం 2019 నుండి దీవి మీద ఒక గ్యాలరీ ఉంది. కాని గంటల ముందే చేరి ఎండలో కూర్చోవాలి. ఏడాదిన్నర బిడ్డకు అది కుదరని పని. సూళ్ళూరుపేటలో మా ఖాలా ఇల్లుంది. జుమా నమాజు అక్కడే ముగించుకుని, సరస్సు రోడ్డు మీద వీలైనంత దూరం పోయి, ఏ గట్టునో ఆగి చూద్దామని ముందే అనుకున్నాము.

పిల్లవాడిని మసీదుకు వాడి అబ్బా తీసుకువెళ్ళారు. ఖాలా వద్దన్నారు. "అక్కడ ఏడిస్తే నలుగురూ తిట్టుకుంటారు బేటా, ఇక్కడే వదిలిపో" అన్నారు. ఆమె భయం అకారణం కాదు. మన ఊళ్ళలో చాలా మసీదుల్లో పసిబిడ్డ కనబడగానే ముఖాలు చిట్లించే పెద్దలుంటారు. వరుసల మధ్య బిడ్డ పరుగెత్తితే తండ్రి తలవంచుకోవాలి. అందుచేత బిడ్డ ఇంట్లోనే ఉంటాడు; బిడ్డతో పాటు తల్లి ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది. దైవప్రవక్త (స) తమ మనవరాలు ఉమామాను భుజాన ఎత్తుకునే నమాజు చేయించారని, సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచి నిలబడేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారని హజ్రత్ అబూ ఖతాదా (రజి) చెప్పిన హదీసు బుఖారీలోనూ ముస్లిములోనూ ఉంది. మరో హదీసు కూడా ఆయన చెప్పినదే: నమాజును దీర్ఘంగా చేయించాలని నిలబడి కూడా, పసిబిడ్డ ఏడుపు వినబడితే ఆ తల్లికి కష్టం కలుగుతుందని ప్రవక్త (స) దానిని కుదించేవారు. ఈ రెండో హదీసును మనం తరచు వింటాము గాని, అందులో దాగిన సంగతిని అంతగా గమనించము. ఏడ్చే బిడ్డా, ఆ బిడ్డ తల్లీ ఇద్దరూ మసీదులోనే ఉన్నారు. వారిని ఇంటికి పంపే మాట రాలేదు, నమాజే పొట్టిదయింది.

ఆనాడు మావాడు ఏడవలేదు. ఖుత్బా అంతసేపూ పక్కనున్న ఒక ముసలాయన తస్బీహును లాగుతూ కూర్చున్నాడు. ఆయన దానిని వాడి చేతిలోనే వదిలేసి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. నమాజు అయ్యాక దానిని తిరిగి ఆయన చేతిలో పెట్టించడానికే పెద్ద ప్రయత్నం కావలసి వచ్చింది.

రోడ్డంతా జనం. సరస్సు మొదలయిన కొద్ది దూరానికే వాహనాలు నిలిచిపోయాయి. జులై గనుక నీరు వెనక్కి తగ్గి, బురద ఎండి తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఎండకు కళ్ళు తెరవలేము. కారు నీడలో వాడి అమ్మీ దుపట్టా అడ్డం వేసుకుని పాలిచ్చింది. అన్ని వేలమంది పోగయ్యే రోజున బిడ్డకు పాలిచ్చే తల్లి కోసం ఒక పరదా, ఒక బల్ల వేయాలన్న ఆలోచన ఈ రోడ్డు మీదే కాదు, మన జాతర్లలోనూ ఇజ్తిమాల్లోనూ కూడా ఎవరికీ రాదు.

మేము ఆగిన చోటి నుండి ప్రయోగ వేదిక 16, 17 కిలోమీటర్ల దూరం ఉంటుంది. ధ్వని ఒక కిలోమీటరు నడవడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. అంటే వెలుగు కనబడిన ముప్పావు నిమిషానికి గాని మోత మాకు చేరదు. ఇది ముందే తెలుసు గనుక మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాము: ఒకరు రాకెట్టు చూడాలి, ఒకరు పిల్లవాడిని చూడాలి. మోత వచ్చేలోగా వాడి చెవులు మూయాలి, వాడి కళ్ళకెదురుగా తెలిసిన ముఖం ఉండాలి. ఈసారి వాడి అబ్బా రాకెట్టు చూస్తారు. వచ్చేసారి అమ్మీ చూస్తుంది.

సరిగ్గా సమయానికి, చెట్ల గీతకు పైన నారింజరంగు వెలుగు లేచింది. 43 మీటర్ల పొడవు, 640 టన్నుల బరువు ఉన్న వస్తువు అది. మా కంటికి అగరువత్తి కొనలా కనబడింది. జనం ఒక్కసారిగా అరిచి, మరుక్షణం మౌనమయ్యారు. ఆ మౌనంలో అది నిలువుగా ఎక్కుతూనే ఉంది. మావాడు వేలు చూపించి "కాకి" అన్నాడు. ఆ వయసులో ఎగిరేదంతా వాడికి కాకే. అమ్మీ వాడిని తన వైపు తిప్పుకుని రెండు అరచేతులతో చెవులు మూసింది. అప్పుడు వచ్చింది మోత. మొదట పాదాల కింద, తరువాత పక్కటెముకల్లో, ఆ తరువాత చెవుల్లో. ఆమెకు ఆ రోజు రాకెట్టు వాడి కళ్ళలోనే కనబడింది: కనుబొమ్మలు పైకి లేచాయి, కింది పెదవి వణికింది, ఏడుపు గొంతు దాకా వచ్చి ఆగింది, తరువాత నవ్వు. ఆ ముఖంలో మారిన నాలుగు రంగులనూ ఆమె ఇప్పటికీ వరుసగా చెప్పగలదు. రాకెట్టు ఎలా ఉందని అడిగితే మాత్రం, టీవీలో చూశానంటుంది.

తిరుగుదారిలో వాహనాలు చాలాసేపు కదలలేదు. ముందు కారులోని పెద్దమనిషి దిగివచ్చి కలాంగారి మాట ఎత్తారు. ఈ రోడ్డు మీద ఆయన మాట రాకుండా ఉండదు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమై రాకెట్టు సముద్రంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. ఆనాడు విలేకరుల ముందుకు వెళ్ళి బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్. మరుసటి ఏడాది జులై 18న అదే రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు, నీవు వెళ్ళి మాట్లాడమని కలాంను పంపారు. కలాం ఈ సంగతిని జీవితాంతం చెబుతూనే ఉన్నారు. మాకు ఆ వేళ మరో సంగతి కూడా గుర్తుకు వచ్చింది. రామేశ్వరంలో తమ వీధి మసీదుకు సాయంత్రం నమాజుకు తండ్రి జైనులాబుద్దీన్ తనను వెంట తీసుకుపోయేవారని కలాం తన ఆత్మకథలో రాసుకున్నారు. అరబ్బీ ప్రార్థనల అర్థం ఏమీ తెలియదట, కాని అవి దేవుణ్ణి చేరుతాయన్న నమ్మకం ఉండేదట. ఇది అర్థం తెలిసే వయసుకు ముందే వెంట నడిచినవారికి మిగిలే జ్ఞాపకం.

రెండో ప్రయాణానికి ఆరు నెలలు పట్టింది. ఈలోగా ఆగస్టు 23న చంద్రయాన్ చంద్రుడి మీద దిగింది. మావాడు పరుగు నేర్చాడు. 2024 జనవరి 1 ఉదయం 9 గంటల 10 నిమిషాలకు పీఎస్‌ఎల్‌వీ ప్రయోగం ఉందని తెలిసి, రెండు రోజుల ముందే ఖాలా ఇంటికి చేరాము. వాడికి రెండేళ్ళు నిండడానికి కొన్ని రోజులే ఉన్నాయి. పాలు మాన్పించే పని కూడా అక్కడే సాగుతోంది.

ఈ విషయంలో మన ఇళ్ళలో ప్రతి పెద్దావిడకూ ఒక పద్ధతి ఉంటుంది. ఖాలా వేపాకు ముద్ద రాయమన్నారు. పొరుగావిడ, తల్లిని నాలుగు రోజులు పుట్టింటికి పంపేయమన్నారు. మేము మాత్రం దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోని 233వ ఆయతును ముందు పెట్టుకుని మాట్లాడుకున్నాము. పూర్తి గడువు కోరేవారికి రెండేళ్ళ పాలు అని చెప్పిన తరువాత ఆ ఆయతు మరొక మాట చెబుతుంది: తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో పాలు మాన్పించదలిస్తే వారి మీద దోషం లేదని. రాజ్యవ్యవహారాలకు వాడే సంప్రదింపు అన్న మాట ఇక్కడ పాలబిడ్డ విషయంలో వచ్చింది. తల్లి ఒక్కతే తేల్చుకోవలసిన పనిగా గాని, తండ్రి ఆజ్ఞాపించవలసిన పనిగా గాని దానిని చెప్పలేదు. సంప్రదించుకున్న తరువాత పని కూడా పంచుకోవాలి గదా! పగటి పాలు ఒక్కొక్కటిగా తగ్గించాము. రాత్రి లేచి ఏడిస్తే అమ్మీ గదిలోనే ఉంటుంది, అబ్బా ఎత్తుకుని బయటికి తెస్తారు. ఇదీ ఏర్పాటు.

ప్రయోగానికి ముందు రాత్రి మూడు గంటలకు లేచాడు. వీధిలో కొత్త సంవత్సరపు టపాసులు అప్పటికే సద్దుమణిగాయి. వాడి అబ్బా దుప్పటి చుట్టి మిద్దె మీదికి తీసుకువెళ్ళారు. పున్నమి దాటి నాలుగైదు రోజులయింది. ఒక పక్క కొద్దిగా కరిగిన చంద్రుడు బాగా పైన ఉన్నాడు. "పాయి, పాయి" అని ఏడుస్తున్నవాడికి చందమామను చూపించారు. ఏడుపు ఆగలేదు. పాట పాడారు. ఆగలేదు. ఇక నోటికి వచ్చిన సూరాలన్నీ చిన్నగా చదువుతూ, సన్‌షేడు నుండి నీళ్ళ ట్యాంకు దాకా, ట్యాంకు నుండి సన్‌షేడు దాకా నడిచారు. గదిలో అమ్మీ కూడా నిద్రపోలేదు. తన కోసం ఏడుస్తున్న బిడ్డ గొంతు తలుపు ఇవతల నుండి వింటూ పడుకోవడం కంటే ఎత్తుకుని నడవడమే సులువని ఆమె తరువాత అన్నది. ఫజర్ అజానుకు ఇంకా అరగంట ఉందనగా భుజం మీద వాడి తల బరువెక్కింది.

తెల్లవారి ఏడున్నరకే రోడ్డు మీద ఉన్నాము. డిసెంబరు తొలివారంలో మిచౌంగ్ తుపాను కురిపించిన వానలకు సరస్సు నిండి ఉంది. ఆరు నెలల నాడు మేము ఉప్పు పెళ్ళలు చూసిన చోట ఇప్పుడు అలలు. అటకానితిప్ప దరిదాపుల్లో, లోతు తక్కువ ఉన్న అంచున, దూరంగా తెలుపూ గులాబీ కలిసిన ఒక గీత కనబడింది. ఫ్లెమింగోలు. పత్రికలవారు రాజహంసలంటారు గాని ఆ కాళ్ళ పొడవు చూస్తే హంస గుర్తుకు రాదు. తల కిందులుగా నీటిలో ముంచి, వంకర ముక్కుతో బురదను జల్లెడ పట్టినట్టు వడగట్టుకుని తింటాయి. నాచులోనూ చిన్న రొయ్యల్లోనూ ఉండే రంగే వాటి ఈకలకు పడుతుంది. ఇవి ఇక్కడికి మేతకే వస్తాయి. గూళ్ళు కట్టేది కచ్ రణ్‌లో. ఒక్కటే గుడ్డు. పొదిగిన పిల్లకు తల్లీ తండ్రీ ఇద్దరూ పాలిస్తాయి. నిజంగానే పాలవంటి ద్రవం. గొంతు సంచిలో ఊరుతుంది, ఎర్రగా ఉంటుంది. తండ్రి పక్షిలో కూడా తల్లి పక్షిలో ఊరినట్టే ఊరుతుంది. తమ ఒంటి రంగు పాలలో కలిసి పిల్లకు పోవడం వల్ల, పిల్లను పెంచే రోజుల్లో రెండింటి ఈకలూ వెలవెలబోతాయట. సుబ్హానల్లాహ్! ఆ గుంపులో తెల్లబడి ఉన్నవాటిని వేరుగా చూశాము ఆ తరువాత.

పిల్లవాడికి మాత్రం ఆ పక్షులు ఆనలేదు. రోడ్డు అంచున ఒక చీమల బారు దొరికింది. దాని పక్కన గొంతుక్కూర్చుని "ఏంతి? ఏంతి?" అని ఒక్కొక్క చీమకూ వేరువేరుగా అడిగాడు. వాడు లేవడు, వాడు లేవనిది మేము కదలము. అలా కదలకుండా ఉన్నందువల్లనే గట్టు కింద నీటిలో ఉన్న ఇద్దరిని గమనించాము. యానాది దంపతులు. భర్త మోకాటి లోతు నీటిలో వంగి, చేతులతో బురద తడిమి రొయ్యలు పట్టి మెడకు వేలాడే బుట్టలో వేస్తున్నాడు. భార్య గట్టున మావాడి ఈడు ఆడబిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి అతను పైకి వచ్చాడు. ఆమె బిడ్డను అతనికిచ్చి, బుట్టను తన మెడకు వేసుకుని నీటిలోకి దిగింది. మా అమ్మీ పలకరించింది, రోజూ ఇలాగేనా అని. "ఆయన దిగితే బిడ్డ నాకాడ, నేను దిగితే బిడ్డ ఆయనకాడ. ఇంకెవురున్నారు మ్మా?" అన్నది ఆమె, వెనక్కి తిరగకుండానే. అందులో గొప్ప లేదు, ఫిర్యాదు లేదు. రాకెట్టు సంగతి అడిగితే అతను నవ్వాడు. మోతకు రొయ్యలు కాసేపు బురదలోకి దిగిపోతాయని, అంతకుముందే పట్టుకోవాలని చెప్పాడు.

9 గంటల 10 నిమిషాలకు ఒప్పందం ప్రకారం అబ్బా గట్టుకు వీపు పెట్టి, వాడిని ఎదురుగా నిలబెట్టుకున్నారు. అమ్మీ చేతులు ఖాళీ. రెండేళ్ళలో ఏ వేడుకలోనైనా ఆమె చేతులు అలా ఖాళీగా ఉండడం అదే మొదలు. పీఎస్‌ఎల్‌వీకి అది అరవయ్యో ప్రయాణం. నక్షత్రాల శిథిలాల నుండీ, కృష్ణబిలాల పరిసరాల నుండీ వచ్చే ఎక్స్‌కిరణాలను పరిశీలించే ఎక్స్‌పోశాట్ అనే ఉపగ్రహాన్ని అది మోసుకుపోతోంది. వెలుగు లేచింది. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మంచు పొర మీదుగా అది ఎక్కడం, వంగి సముద్రం వైపు తిరగడం, వెనుక తెల్లని దారం వదలడం, చివరకు చుక్కయి మాయమవడం వరకు కొంగు సర్దుకోకుండా చూసింది. మోత వచ్చినప్పుడు వెనుక పిల్లవాడు అరిచాడు. ఆమె తిరగబోయి, మళ్ళీ ఆకాశం వైపే చూసింది. అబ్బా చేతులు వాడి చెవుల మీద ఉన్నాయి.

మధ్యాహ్నం మెమూ రైలులో చెన్నై వైపు బయలుదేరాము. తడ దాటేసరికి ఖాలా కట్టిచ్చిన డబ్బా విప్పాము. ఎదుటి సీటులోని ఒక అమ్మమ్మ, రాకెట్టు ఎట్లా పోయింది నాయనా అని పిల్లవాడిని అడిగింది. వాడు పెరుగన్నం చెంచాను నిలువుగా పట్టుకుని, నోరు విప్పకుండా, మెల్లగా తలపైకి ఎత్తాడు. మెతుకులు చొక్కా మీద పడ్డాయి. చెంచా పైనే ఉంది. వాడు ఆగాడు. మావైపు చూశాడు, అమ్మమ్మ వైపు చూశాడు, కిటికీ బయటికి చూశాడు. అంతసేపు ఆగిన తరువాత, రెండు చేతులతో తన చెవులు తానే మూసుకుని, "ధూం" అన్నాడు.